యుద్ధం, అదృష్టం, మనిషి నైజం: కోనసీమ నీతి సంప్రదాయం, రోము పోలికలు

యుద్ధానికి ఎప్పుడు దిగాలి, ఓడినవాణ్ణి ఏం చేయాలి, కాలం కలిసిరానప్పుడు ఎలా నిలబడాలి, ఎదుటి మనిషిని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలకు పెద్దలు క్లుప్తంగా చెప్పి పెట్టిన జవాబులే నీతి. తెలుగులో దీనికి మూడు ఊటలున్నాయి: కవిత్రయ భారతం, రాజనీతి గ్రంథాలు, శతకాలు. రోములో చరిత్రకారులు, తత్వవేత్తలు, నాటకాల వాళ్లు ఇలాంటి మాటలే చెప్పారు. ఈ వ్యాసం గోదావరి డెల్టాలో, ముఖ్యంగా అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలతో ముడిపడిన నీతి సంప్రదాయాన్ని పరిచయం చేస్తుంది. రోము ప్రస్తావన పోలిక కోసమే. రెండు చోట్లా జరిగింది ఒకటే: మాట నిలిచింది, అది ఎవరు ఏ కష్టంలో అన్నారన్నది మరుగున పడింది.

ఈ తీరానికీ రోముకీ పరిచయం లేకపోలేదు. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం పెరిప్లస్ మసాలియా అనే పేరుతో ఆంధ్ర తీరాన్నీ, ఇక్కడి సన్నని నూలు బట్టలనూ పేర్కొంది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. అయితే నాణేలు వచ్చినట్టు నీతులు కూడా వచ్చాయని చెప్పడానికి ఆధారం లేదు. పోలికలు కనిపిస్తే అవి ఒకే రకం కష్టాలు పడ్డ మనుషుల పోలికలు, అంతే.

రెండేరుల నడుమ

అంబాజీపేట మండలంలోని నందంపూడి ఇప్పుడు కొబ్బరితోటల నడుమ ఉన్న మామూలు ఊరు. 1053లో వేంగి రాజు రాజరాజ నరేంద్రుడు ఈ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. ఇది రెండేరుల నడిమి విషయంలోదని దానశాసనం చెబుతోంది. ఆ శాసనాన్ని రచించినవాడు నన్నయ. నారాయణభట్టు సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు భాషల్లో కవి. తన భారత రచనకు అతను తోడుగా నిలిచాడని, భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడిలా సాయపడ్డాడని నన్నయ ఆదిపర్వంలోనే చెప్పుకున్నాడు. తెలుగులో యుద్ధనీతి మొదటి గ్రంథం వెనకున్న ఇద్దరిలో ఒకరికి కోనసీమలో మాన్యం ఉందన్నమాట.

ఆ గ్రంథం రాయించిన రాజు బతుకంతా యుద్ధమే. రాజరాజు 1022 ఆగస్టు 16న పట్టం కట్టుకున్నాడు. తల్లి కుందవ్వ తంజావూరు చోళుల ఆడపడుచు. సవతి తమ్ముడు ఏడో విజయాదిత్యుడికి కల్యాణి చాళుక్యులు వెన్నుదన్ను. ఈ దాయాదుల పోరులో రాజరాజు 1031 ప్రాంతంలో వేంగి సింహాసనం పోగొట్టుకున్నాడు, నాలుగైదేళ్లకు తిరిగి సంపాదించాడు. కొల్లేటికి దగ్గర్లోని కలిదిండిలో కర్ణాటక సేనతో జరిగిన పోరులో ఇతని పక్షాన చోళులు పంపిన ముగ్గురు సేనానులు చనిపోయారు. వారి పేరు మీద రాజరాజు అక్కడ మూడు శివాలయాలు కట్టించి ఊళ్లు దానం చేశాడని కలిదిండి శాసనం చెబుతోంది. గెలిచిన సంగతి కంటే చచ్చినవాళ్ల రుణం గురించి ఎక్కువగా చెప్పే రాజశాసనాలు అరుదు.

అన్నదమ్ముల పిల్లలు రాజ్యం కోసం కొట్టుకున్న కథను తెలుగులో రాయమని ఇలాంటి రాజు అడిగాడు. చంద్రవంశపు రాజులు తన వంశకర్తలు కనక వాళ్ల కథ వినాలని ఉందని అతను అన్నట్టు నన్నయ అవతారికలో ఉంది. అది నిజమే కావచ్చు. కానీ దాయాది చేతిలో ఒకసారి గద్దె పోగొట్టుకున్నవాడికి ఈ కథ మీద ఆసక్తికి వంశవృక్షం ఒక్కటే కారణమని నేననుకోను. రాజరాజు 1061లో పోయాక వేంగి మళ్లీ విజయాదిత్యుడి పాలైంది. రాజరాజు కొడుకు రాజేంద్రుడికి తండ్రి గద్దె దక్కలేదు గాని, 1070లో కులోత్తుంగ చోళుడనే పేరుతో తాతగారి చోళ సామ్రాజ్యమే దక్కింది.

యుద్ధం: రాయబారుల పర్వం

నన్నయ ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో కొంత భాగం రాసి ఆగాడు. యుద్ధం గురించి అసలు చర్చ జరిగే ఉద్యోగపర్వం 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన చేతికి వచ్చింది. తిక్కన మనుమసిద్ధికి మంత్రి. తన రాజు గద్దె పోగొట్టుకున్నప్పుడు ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుణ్ణి ఒప్పించి సాయం తెచ్చాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. స్వయంగా రాయబారం నడిపినవాడు రాసిన రాయబార ఘట్టాలవి. అందుకే వాటిలో ఎవరూ మనసులో ఉన్నది నేరుగా అనరు. ధృతరాష్ట్రుడు పంపిన సంజయుడు శాంతి మాటలు చెబుతాడు గాని రాజ్యభాగం ఊసెత్తడు. ధర్మరాజు మెత్తగా మాట్లాడుతూనే అయిదూళ్లయినా ఇవ్వమంటాడు. సంజయుడు తిరిగొచ్చిన రాత్రి నిద్ర పట్టని ధృతరాష్ట్రుడు విదురుణ్ణి పిలిపించుకుంటాడు. విదురనీతి పేరుతో మనం విడిగా చదువుకునేది ఆ రాత్రి సంభాషణే. నీతి తెలియక యుద్ధం రాలేదని, తెల్లవార్లూ నీతి విన్న రాజే మర్నాడు కొడుకును ఆపలేకపోయాడని ఆ పర్వం చూపిస్తుంది. విదురనీతిని చిన్న పుస్తకంగా వేసేవాళ్లు ఈ రెండో సగం వదిలేస్తుంటారు.

ఇదే పర్వంలో కుంతి తన కొడుకులకు చెప్పమని కృష్ణుడితో విదుల కథ పంపుతుంది. యుద్ధంలో ఓడి ఇంటికొచ్చి పడుకున్న కొడుకును తల్లి విదుల నానా మాటలని తిరిగి రణానికి పంపిస్తుంది. తిక్కన ఇంట్లోనే ఇలాంటి కథ ఒకటి ఉంది. ఆయన పెదతండ్రి కొడుకు ఖడ్గతిక్కన కాటమరాజు సేన ముందు నిలవలేక వెనక్కి వస్తే, భార్య స్నానానికి మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచిందని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని, అతను తిరిగి వెళ్లి యుద్ధంలో చనిపోయాడని చెప్పుకుంటారు. రోములో దీనికి సరిగ్గా ఎదురు కథ ఉంది. దేశం వెళ్లగొట్టిన కొరియొలానస్ శత్రుసేనను వెంటబెట్టుకుని సొంత నగరం మీదికి వచ్చినప్పుడు, తల్లి వెటూరియా శిబిరానికి నడిచివెళ్లి అతన్ని వెనక్కి మళ్లించిందని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఒక తల్లి యుద్ధానికి తోస్తుంది, ఇంకో తల్లి యుద్ధాన్ని ఆపుతుంది. రెండు జాతులూ ఇద్దరినీ మెచ్చుకునే చెప్పుకున్నాయి.

గెలిచాక ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర రోమన్లు చెప్పే కథ క్రీ.పూ. 321 నాటిది. కాడియం కనుమలో సామ్నైట్లు రోమన్ సేనను పూర్తిగా చుట్టుముట్టారు. ఏం చేయాలో తోచక వాళ్ల నాయకుడు గాయస్ పాంటియస్ ముసలి తండ్రి హెరెన్నియస్‌ను సలహా అడిగాడు. అందరినీ క్షేమంగా వదిలెయ్యమని మొదటి జవాబు. అది నచ్చక మళ్లీ అడిగితే, ఒక్కణ్ణీ మిగల్చకుండా చంపెయ్యమని రెండో జవాబు. ముసలాయనకు మతి పోయిందనుకుని బండి మీద రప్పించారు. వదిలేస్తే బలమైన జాతితో స్నేహం మిగులుతుంది, చంపేస్తే కొన్ని తరాలు భయం ఉండదు, మధ్యేమార్గం మిత్రుణ్ణీ ఇవ్వదు, శత్రువునూ తగ్గించదు అని ఆయన విడమరిచాడు. కొడుకు మధ్యేమార్గమే పట్టాడు. ఆయుధాలు లాక్కుని, ఈటెలతో కట్టిన కాడి కింద వంగి నడవమని రోమన్లను అవమానించి పంపాడు. వాళ్లు ఆ అవమానం మరచిపోలేదు.

రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదని మనకూ ఓ సామెత ఉంది. అది ఎంత నిజమో 1757లో బొబ్బిలి చూపించింది. ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని విజయనగరం పెద విజయరామరాజు జనవరి 24న బొబ్బిలి కోటను ముట్టడించాడు. లోపలున్న ఆడవాళ్లు, పిల్లలు మగవాళ్ల చేతుల్లోనే చనిపోయారు, కోట బూడిదైంది. కానీ బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు కోటలో లేడు. మూడు రోజుల లోపే రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. కోటలోంచి బతికి బయటపడ్డ పసివాడి వల్ల బొబ్బిలి సంస్థానం కూడా తర్వాత నిలిచింది.

తర్వాతి మలుపు కోనసీమకు దగ్గర. 1758 డిసెంబరులో గొల్లప్రోలు ప్రాంతంలోని చందుర్తి వద్ద ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ చేతిలో ఓడిపోయారు. ఇంగ్లీషువాళ్లను పిలిపించింది విజయనగరం వారసుడు ఆనంద గజపతిరాజే. దాదాపు రెండేళ్ల కిందట ఫ్రెంచి ఫిరంగులతో గెలిచిన ఇల్లు ఇప్పుడు ఇంగ్లీషు పక్షాన నిలిచింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కూడా పడిపోయాక ఈ తీరం మీద ఫ్రెంచి పలుకుబడి పోయింది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఆ ఇంటి చిన విజయరామరాజు ఇంగ్లీషు సేన చేతిలోనే చనిపోయాడు. పక్కబలంతో గెలిచినవాడు ఆ పక్కబలానికే లోకువవుతాడని కామందకం లాంటి నీతిగ్రంథాలు చదివిన సంస్థానాలే ఇవి.

కోడి చెప్పే జాతకం

యుద్ధానికీ అదృష్టానికీ మధ్య రోమన్లు ఒక పక్షిని పెట్టారు. సేన వెంట పంజరాల్లో పవిత్రమైన కోళ్లను తీసుకెళ్లేవారు. పోరుకు ముందు పంజరం తలుపు తీసి గింజలు, పిండిముద్దలు చల్లేవారు. కోళ్లు ఆత్రంగా తింటూ ముక్కులోంచి గింజలు జారవిడిస్తే శుభం. బయటికి రాకపోయినా, తినకపోయినా ఆ రోజు పోరు మానాలి. కోళ్లను ఆకలితో మాడ్చి పంజరంలో పెడితే తినక ఏం చేస్తాయని సిసిరో తన శకునాల గ్రంథంలో ఎగతాళి చేశాడు. ఆయన కూడా శకునాలు చూసే అధికారుల సంఘంలో సభ్యుడే.

క్రీ.పూ. 249లో డ్రెపానా నౌకాయుద్ధానికి ముందు కోళ్లు గింజ ముట్టలేదు. తినకపోతే తాగమనండని కాన్సల్ పబ్లియస్ క్లాడియస్ వాటిని సముద్రంలో విసిరేయించాడట. ఆ రోజు 93 ఓడలు శత్రువు చేతికి చిక్కాయి. ఈ కథ సిసిరో, సూటోనియస్ చెప్పారు. అదే యుద్ధాన్ని వివరంగా రాసిన చరిత్రకారుడు పాలిబియస్ కోళ్ల ఊసే ఎత్తలేదు. ఇరుకైన చోట, ఒడ్డును ఆనుకుని ఓడలు నిలిపినందువల్ల ఓడిపోయారని తేల్చాడు. నా ఓటు పాలిబియస్‌కే.

ఇంతకంటే రుచిగల కథ క్రీ.పూ. 293 నాటిది. అక్విలోనియా దగ్గర సైనికులు పోరుకు ఉవ్విళ్లూరుతుంటే కోళ్లు తినలేదు. అయినా కోళ్ల కాపరి శకునం బాగుందని అబద్ధం చెప్పాడు. ఆ సంగతి తర్వాత కాన్సల్ పాపిరియస్ చెవిన పడింది. నాకు చెప్పిన మాట శుభమే, తప్పు చెప్పినవాడి పాపం వాడిదే అని అతను ఆ కాపర్లను తీసుకెళ్లి ముందు వరసలో నిలబెట్టాడు. పోరు మొదలుకాకముందే ఎక్కడి నుంచో వచ్చిన బల్లెం తగిలి అబద్ధమాడినవాడు పడిపోయాడు. దేవతల కోపం అతనితో తీరిందని కాన్సల్ ప్రకటించి యుద్ధం గెలిచాడు. శకునాన్ని నమ్మాడా, వాడుకున్నాడా అన్నది లివీ పాఠకుడికే వదిలేశాడు.

కోనసీమలో ఈ కథ వింటే నవ్వు రాదు, గుర్తుకొచ్చేది వేరు. సంక్రాంతి మూడు రోజులూ రాజోలు, మలికిపురం, ముమ్మిడివరం, అమలాపురం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర కుక్కుట శాస్త్రం పట్టుకుని కూర్చునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డేగ, కాకి, నెమలి, సేతువ, పచ్చకాకి, మైల అని ఈకల రంగును బట్టి కోళ్లకు జాతులు. ఏ వారం, ఏ నక్షత్రం నాడు, ఏ పూట ఏ రంగు కోడి దేని మీద గెలుస్తుందో, బరిలో ఏ దిక్కున వదలాలో ఆ శాస్త్రం చెబుతుంది. యజమాని పేరులో మొదటి అక్షరం కూడా లెక్కలోకి వస్తుంది. దానితో పాటే బాదంపప్పు, మాంసం పెట్టి నెలల తరబడి మేపడం, ఈత కొట్టించడం, కాళ్లు తోమించడం కూడా ఉంటాయి. కాలికి కత్తి కట్టేవాడి చేయి కూడా చూస్తారు. అంటే పౌరుషం వాటా పౌరుషానికి, దైవం వాటా దైవానికి ఇచ్చిన పద్ధతి. 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం, రాష్ట్ర జూద చట్టం ప్రకారం ఈ పందేలు నేరం. హైకోర్టు ఆపమంటూనే ఉంది, పందేలు జరుగుతూనే ఉన్నాయి. పల్నాటి యుద్ధకథలో నాగమ్మ, బ్రహ్మనాయుడి కోళ్లపోరు రాజ్యాల మధ్య పోరుకు దారితీసిన సంగతి పందెంరాయుళ్లందరికీ తెలుసు.

అదృష్టం, దైవం

రోమన్లు అదృష్టాన్ని దేవతను చేశారు. పేరు ఫార్చునా. రోములో ఆమె గుళ్లు మొదట కట్టించిన రాజు సర్వియస్ టులియస్ అని నమ్మకం. దాసి కడుపున పుట్టి రాజైనవాడు మరి ఎవరికి మొక్కుతాడు? ప్రేనెస్టెలోని ఆమె గుడిలో ఓక్ చెక్క ముక్కల మీద పాత అక్షరాలు చెక్కి పెట్టెలో వేసి, ఒక పిల్లవాడి చేత తీయించి జోస్యం చెప్పేవారు. మన చిలకజోస్యంలో చిలక చేసే పనే ఆ పిల్లవాడిది.

ఫార్చునా గురించి ఎక్కువగా ఆలోచించినవాడు తత్వవేత్త సెనెకా. క్రీ.శ. 41లో చక్రవర్తి అతన్ని కోర్సికా దీవికి వెళ్లగొట్టాడు. ఎనిమిదేళ్ల తర్వాత పిలిపించి బాలుడైన నీరోకు గురువును చేశారు. శిష్యుడు చక్రవర్తి అయ్యాక సెనెకా రోములో పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. 65లో ఆ శిష్యుడే చావమని కబురు పెట్టాడు. అదృష్టం ఇచ్చింది ఏదీ మనది కాదని, ఎప్పుడడిగితే అప్పుడు తిరిగి ఇచ్చేసేలా ఉండాలని స్నేహితుడు లూసిలియస్‌కు రాసిన 124 ఉత్తరాల్లో తిప్పితిప్పి చెప్పాడు. అంత ఆస్తి ఉంచుకుని ఇలా చెప్పడమేమిటని అప్పట్లోనే వెక్కిరించారు. వెక్కిరింత న్యాయమే. కానీ చావు కబురు వచ్చిన రోజు ఆయన పారిపోలేదు, ప్రాధేయపడలేదు.

తెలుగులో ఈ చర్చ దైవం, పౌరుషం అన్న జంట మీద నడుస్తుంది. భర్తృహరి నీతిశతకంలో దైవానికి ఒక పద్ధతి, ధైర్యానికి ఒక పద్ధతి వేరువేరుగా ఉన్నాయి. దాన్ని తెలుగు చేసిన ముగ్గురిలో ఎక్కువ ప్రచారం పొందినవాడు ఏనుగు లక్ష్మణకవి. గోదావరికి ఈవల పెద్దాపురం సంస్థానం నీడలో బతికిన కుటుంబం వారిది. పూర్వీకుడికి సంస్థానాధిపతి ఏనుగును బహూకరించినందువల్ల ఇంటిపేరు ఏనుగు అయిందంటారు. దైవాన్ని మొదట తిట్టి, చివరికి కర్మకు దండం పెట్టే ఆ శతకపు నడక డెల్టా బడిపిల్లలకు ఆయన పద్యాల ద్వారానే అలవాటైంది.

భారతంలో దైవానికి గుర్తు పాచిక. సభాపర్వంలో ధర్మరాజు, అరణ్యపర్వంలో నలుడు పాచికల మీదే రాజ్యం పోగొట్టుకున్నారు. నలుడు తిరిగి గెలిచింది పాచికల విద్య నేర్చుకున్నాకే. ధర్మరాజుకూ బృహదశ్వుడు కథ చెప్పి ఆ విద్య నేర్పాడు. అంటే అదృష్టం అనుకున్న దానిలో చాలా భాగం తెలియనితనమని ఆ కథ లోపల ఉంది. కోనసీమ రైతుకు మాత్రం పాచిక కంటే గాలివాన దగ్గర. 1996 నవంబరు 6 రాత్రి తుపాను లక్షల కొబ్బరిచెట్లను నేలకూల్చింది. ఒక కొబ్బరిచెట్టు కాపుకు రావడానికి ఆరేడేళ్లు పట్టే చోట అదృష్టం గురించి మాట్లాడేవాళ్లు సెనెకా కంటే తక్కువేం తెలిసినవాళ్లు కారు.

మనిషి నైజం

పుబ్లిలియస్ సైరస్ సిరియా నుంచి బానిసగా రోముకు వచ్చాడు. మాటకారితనం చూసి యజమాని విడుదల చేశాడు. అతను వీధి నాటకాలు రాసి ఆడేవాడు. క్రీ.పూ. 46లో సీజర్ తన విజయోత్సవాల్లో పెట్టిన పోటీలో పేరున్న లాబీరియస్‌ను ఓడించి బహుమతి గెలుచుకున్నాడు. నాటకాలన్నీ పోయాయి. వాటిలోని పాత్రల నోట వచ్చిన సుమారు 700 ఒంటి వాక్యాలు మిగిలాయి. ఎవరో వాటిని అకారాది క్రమంలో పేర్చారు. అందుకే ఒక వాక్యం క్షమించమంటే, పక్క వాక్యం క్షమిస్తే నెత్తికెక్కుతారంటుంది. ఒకటి పిసినారి పాత్ర అన్నదో, ఒకటి మోసపోయిన ముసలాయన అన్నదో ఇప్పుడు తేల్చలేం.

మనకూ ఈ తంటా ఉంది. ఆదిపర్వంలో కణికుడు కౌరవులకు చెప్పే నీతి ఘోరమైనది: శత్రువును నమ్మించి చంపాలి, పసివాడైనా ఉపేక్షించకూడదు. లక్కయిల్లు ఆ ఆలోచనల పంటే. విదురుడు చెప్పింది కూడా నీతే. రాజనీతి సంకలనాల్లోకి ఎక్కేసరికి రెండూ ఒకే వరసలో కూర్చుంటాయి. 15వ శతాబ్దం తొలినాళ్లలో మడికి సింగన కూర్చిన సకలనీతిసమ్మతం ఇలాంటి సంకలనాల్లో గొప్పది. బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, ముద్రామాత్యం, పంచతంత్రం, కామందకం నుంచి పద్యాలు ఏరి విషయాల వారీగా పేర్చాడు. వాటిలో కొన్ని గ్రంథాలు ఇప్పుడు దొరకవు గనక ఆయనకు రుణపడి ఉన్నాం. అయినా పద్యం మాట్లాడినవాడి నుంచి తెగిపోయిందన్న నష్టం ఉండనే ఉంది.

ఈ నష్టానికి మందు భాస్కర శతకంలో కనిపిస్తుంది. మారద వెంకయ్య పద్యంలో సగం లోకరీతి చెబితే, మిగతా సగంలో కర్ణుడో రావణుడో విభీషణుడో సాక్ష్యం వస్తాడు. టైబీరియస్ కాలంలో వలేరియస్ మాక్సిమస్ లాటిన్‌లో ఇదే పద్ధతి పట్టి, ఒక్కో గుణానికి చరిత్రలోంచి మనుషులను చూపించాడు. సుమతీ శతకం అలా కాదు, తీర్పు చెప్పి వెళ్లిపోతుంది. బద్దెన రాశాడంటారు గాని పండితులందరూ ఒప్పుకోలేదు. కొలువు గురించి, అప్పు గురించి, బలవంతుడి గర్వం గురించి అందులో చెప్పినవి ఇప్పటికీ చురుక్కుమంటాయి. ఆడవాళ్ల గురించి, కొన్ని కులాల గురించి చెప్పినవి ఆ కాలపు అహంకారం, వాటిని నీతి అని పిల్లల చేత వల్లె వేయించనక్కర్లేదు.

నైజం గురించి రాసినవాళ్ల నైజం కూడా చూడాలి. రోము పతనానికి దురాశే కారణమని రాసిన చరిత్రకారుడు సాలస్ట్ అంతకుముందు ఆఫ్రికా రాష్ట్రానికి గవర్నరుగా వెళ్లి ప్రజలను దోచుకున్నాడని ఆరోపణ వచ్చింది. తర్వాత రోములో అతని తోటలు నగరానికే ప్రసిద్ధి అయ్యాయి. దురాశ ఎలా పనిచేస్తుందో అంత బాగా ఎలా రాశాడంటే, దగ్గర్నుంచి చూశాడు గనక.

బడిలో నీతి

1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల్లో బడుల లెక్క అడిగాడు. కోనసీమ అప్పుడు రాజమండ్రి జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో 291 బడులు, వేదశాస్త్రాలు చెప్పే 279 పాఠశాలలు ఉన్నాయని మరుసటి ఏడు కలెక్టరు రాసి పంపాడు. బడుల్లో చదివించే పుస్తకాల జాబితా కూడా జత చేశాడు. బాలరామాయణం, రుక్మిణీకల్యాణం, దాశరథీ శతకం, కృష్ణ శతకం, సుమతీ శతకం, భాస్కర శతకం, గజేంద్రమోక్షం, మనుచరిత్ర, వసుచరిత్ర, పావులూరి గణితం, అమరం అందులో ఉన్నాయి. భారతంలోంచి పేరు పెట్టి చెప్పిన పర్వాల్లో ఆదిపర్వం, ఉద్యోగపర్వం ఉన్నాయి. పద్దెనిమిది పర్వాల్లో పిల్లలకని ఏరిన వాటిలో కణికుడూ విదురుడూ ఉన్న పర్వాలు రెండూ ఉండడం నాకు ముచ్చటగా తోచింది.

అదే ఏడు బళ్లారి కలెక్టరు కాంబెల్ ఇంకో సంగతి రాశాడు. పిల్లలు వాడుకలో లేని కావ్యభాషలోని పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని, చెప్పే పంతుళ్లకూ చాలాసార్లు అర్థం తెలియదని ఫిర్యాదు. తెల్లదొర చెప్పాడని కొట్టిపారేయలేం. అర్థం కాకుండా నోటికొచ్చిన పద్యం నలభయ్యేళ్లు వచ్చాక ఏదో కష్టంలో అర్థమవుతుందన్న వాదన కూడా మన ఇళ్లలో విన్నదే.

ఐరోపాలో ఇదే పని కేటో ద్విపదలు చేశాయి. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఎవరో రాసిన రెండేసి పాదాల పద్యాలకు పాత కాలపు కేటో పేరు తగిలించారు. వెయ్యేళ్లకు పైగా లాటిన్ నేర్చుకునే ప్రతి పిల్లవాడూ వాటితోనే మొదలుపెట్టాడు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735లో వాటి ఇంగ్లీషు అనువాదం అచ్చువేశాడు. కోపం, డబ్బు, స్నేహం, చావు గురించిన ఆ పద్యాలకూ సుమతీ శతకానికీ ఉన్న చుట్టరికం చదివినవాళ్లకు వెంటనే కనిపిస్తుంది. రెండు చోట్లా రచయిత ఎవరో ఖాయంగా తెలియదు, రెండు చోట్లా పెద్ద పేరు అతికించారు.

రంగస్థలం మీద

పుస్తకంలో తెగిపోయిన మాటను మళ్లీ మనిషికి అతికించింది గోదావరి జిల్లాల పద్యనాటకం. తిరుపతి వెంకటకవుల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిది పశ్చిమగోదావరి యండగండి. వీళ్ల పాండవోద్యోగ, విజయ నాటకాలు తిక్కన ఉద్యోగపర్వాన్ని వీధిలోకి తెచ్చాయి. తీర్థాల్లో, జాతరల్లో తెల్లవార్లూ రాయబారం ఆడుతుంటే, చదువురానివాళ్లు కూడా కృష్ణుడి పద్యానికి ఒన్స్ మోర్ కొట్టేవారు. హార్మోనియం మీద రాగం తీసి నటుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు. అక్కడ నీతి చెప్పేవాడు కళ్లెదుట ఉంటాడు, వినని దుర్యోధనుడూ ఉంటాడు, ఆ దుర్యోధనుడి పద్యాలు కూడా అంతే బాగుంటాయి. శకుని పాచిక వేసేటప్పటి మాటలకు ఈల వేసిన ప్రేక్షకుడికి ఏది ఎవరి మాటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం ప్రతిపదార్థ తాత్పర్యాలతో సంపుటాలుగా ప్రచురించింది. విదురనీతి చిన్న పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని పక్కనబెట్టి, ఉద్యోగపర్వంలో సంజయుడు తిరిగొచ్చిన రాత్రి నుంచి కృష్ణుడు హస్తినాపురం విడిచిపెట్టే దాకా వరసగా చదవండి.